మెదడు పెట్ స్కాన్‌లో మసక ఎక్కడి నుంచి వస్తోంది?

మెదడు కాండంలో, అటొకటి ఇటొకటిగా, లోకస్ సెరూలియస్ అనే చిన్న భాగం ఉంటుంది. ఆ లాటిన్ పేరుకు నీలి మచ్చ అని అర్థం. పొడవు ఒకటిన్నర సెంటీమీటరు దాకా ఉన్నా మందం మాత్రం 2 మి.మీ.కి అటూ ఇటూ, అంటే ఓ అగ్గిపుల్లంత. మెదడంతటికీ నారడ్రినలిన్ అనే రసాయనం అందేది ప్రధానంగా ఇక్కడి నుంచే. అల్జీమర్స్‌లో పేరుకుపోయే టౌ ప్రోటీన్ అందరికంటే ముందు తొంగిచూసే చోట్లలో ఇదొకటి. మరి శరీరంలోకి ఎక్కించిన రేడియోధార్మిక పదార్థం ఎక్కడ ఎంత చేరిందో చూపే, ఒళ్లంతా స్కాన్ చేసే మామూలు పెట్ స్కానర్‌లో ఈ అగ్గిపుల్ల కనిపిస్తుందా అంటే, విడిగా కనిపించదు. దాని రెజల్యూషన్, అంటే అది విడదీసి చూపగల అతి చిన్న దూరం, 4 మి.మీ. పైనే, బాగా కుదిరితే మూడున్నర. అగ్గిపుల్ల నుంచి వచ్చిన సంకేతం చుట్టుపక్కల కణజాలంలోకి కారిపోతుంది, చుట్టుపక్కలది దీనిలోకి వచ్చి కలుస్తుంది, చివరికి మన చేతికొచ్చేది రెండూ కలిసిపోయిన ఒక సగటు అంకె.

ఇది ఈ ఒక్క చోటుతో పోయే బాధ కాదు. మెదడు పై పొర, కార్టెక్స్ అంటామే, దాని సగటు మందమే 2.5 మి.మీ. చుట్టూ ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ, ముఖ్యంగా మతిమరుపు జబ్బుల్లో, ఈ పొర ఇంకా సన్నబడుతుంది. ఇప్పుడు ఒక పరిస్థితి ఆలోచించండి: ఒకాయన కార్టెక్స్ 3 మి.మీ. నుంచి 2.4 మి.మీ.కి తగ్గింది, మిగిలిన కణాలు మాత్రం మునుపటిలాగే గ్లూకోజ్‌ని వాడుకుంటున్నాయి. స్కానర్ మాత్రం అక్కడ గ్లూకోజ్ వాడకం తగ్గిందనే చూపిస్తుంది, ఎందుకంటే పొర సన్నబడేకొద్దీ బయటికి కారిపోయే వాటా పెరుగుతుంది. సన్నబడిందా, మందగించిందా అనే తేడా తెలియదు. జబ్బు గురించి మనం అడిగే అసలు ప్రశ్నే అది. అందుకే రెజల్యూషన్ అనేది బొమ్మ అందంగా రావడం కోసం పడే ఆరాటం కాదంటాను, అది కొలత నిజమా కాదా అన్న విషయం.

సరే, మసక తగ్గాలంటే ఏం చేయాలి? చాలామందికి వెంటనే తట్టేది ఫోన్ కెమెరా. పిక్సెల్స్ చిన్నవి చెయ్యి, ఎక్కువ పెట్టు, అయిపోయింది. పెట్‌లో ఇది పనిచేయదు, కనీసం అది ఒక్కటే అయితే పనిచేయదు. ఎందుకో తెలియాలంటే లోపల జరిగేదాన్ని కాస్త దగ్గర నుంచి చూడాలి.

శరీరంలోకి ఎక్కించిన పదార్థాన్ని ట్రేసర్ అంటారు, అందులో రేడియోధార్మిక పరమాణువు ఒకటి ఉంటుంది, ఎక్కువగా ఫ్లోరిన్-18. అది విచ్ఛిన్నమైనప్పుడు ఒక పాజిట్రాన్, అంటే ధనావేశమున్న ఎలక్ట్రాన్ లాంటి కణం, బయటికి దూకుతుంది. అది చుట్టూ ఉన్న కణజాలానికి తగులుతూ, వేగం తగ్గుతూ, చివరికి ఓ ఎలక్ట్రాన్‌ని కలుసుకుంటుంది. రెండూ మాయమై, వాటి బదులు 511 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్‌ల శక్తి ఉన్న ఫోటాన్లు (గామా కిరణాల కణాలు) రెండు పుట్టి, ఒకదానికొకటి ఎదురు దిక్కుల్లో దూసుకుపోతాయి. తల చుట్టూ ఉన్న రింగులో ఫోటాన్ తగిలితే మెరిసే క్రిస్టల్స్ ఉంటాయి, వాటిలో రెండు దాదాపు ఒకే క్షణంలో మెరిస్తే, ఆ రెంటినీ కలిపే గీత మీద ఎక్కడో ఈ ఘటన జరిగిందని లెక్క. అలాంటి కోట్ల గీతల నుంచి కంప్యూటర్ బొమ్మ కడుతుంది.

ఇప్పుడు ఇందులో తప్పు ఎక్కడెక్కడ దూరుతుందో చూడండి.

మొదటిది పాజిట్రాన్ నడక. ట్రేసర్ ఉన్న చోటు ఒకటి, పాజిట్రాన్ ఆగిన చోటు ఇంకొకటి. ఫ్లోరిన్-18 విషయంలో ఈ దూరం సగటున 0.6 మి.మీ. మాత్రమే, కాబట్టి పెద్ద బెంగ లేదు. కార్బన్-11కి ఒక మి.మీ. దాటుతుంది. రక్తప్రవాహం కొలవడానికి వాడే ఆక్సిజన్-15 అయితే రెండున్నర, మూడు మి.మీ. దాకా వెళ్తుంది, అక్కడ స్కానర్ ఎంత గొప్పదైనా ప్రకృతే అడ్డుపడుతుంది. రెండోది, ఆ రెండు ఫోటాన్లు సరిగ్గా 180 డిగ్రీల్లో పోవు. మాయమయ్యే క్షణంలో ఆ జంటకు ఎంతో కొంత కదలిక మిగిలే ఉంటుంది కాబట్టి కోణం అర డిగ్రీ అటూ ఇటూ అవుతుంది. అర డిగ్రీయేగా అనిపిస్తుంది, కానీ దూరం పెరిగేకొద్దీ ఆ తప్పు కూడా పెరుగుతుంది, ఒక మీటరు వ్యాసమున్న రింగులో అది 2.2 మి.మీ. మసక. 80 సెం.మీ. రింగులో దాదాపు 1.8. మూడోది క్రిస్టల్ వెడల్పు, రింగు మధ్యలో దీనివల్ల వచ్చే మసక వెడల్పులో సగం. నాలుగోది చాలామంది మర్చిపోయేది: ఏ క్రిస్టల్ మెరిసిందో కనిపెట్టడంలో తప్పు. ఖర్చు తగ్గించడానికి బోలెడు క్రిస్టల్స్‌కి కలిపి కొద్ది లైట్ సెన్సర్లే పెట్టి, వెలుగు ఎటు ఎక్కువ పడిందో చూసి క్రిస్టల్‌ని ఊహించే పద్ధతి 1980ల మధ్య నుంచీ ఉంది. పెట్ అందరికీ అందుబాటులోకి రావడానికి ఆ ఉపాయం ఎంతో కారణం, కానీ ఆ ఊహలో దాదాపు 2 మి.మీ. పొరపాటు ఉంటుంది.

ఈ తప్పులన్నీ మామూలుగా కూడవు. ఒక్కోదాన్నీ వర్గం చేసి, కూడి, వర్గమూలం తీయాలి, ఆపైన బొమ్మ కట్టడంలో పోయేదాని కోసం 1.25తో గుణించాలి. ఈ రంగంలో ఎన్నో ఏళ్లుగా వాడుతున్న సూత్రం ఇది. ఒక్కసారి వేసి చూద్దాం, విసుగనుకోకండి, విషయమంతా ఈ లెక్కలోనే ఉంది.

80 సెం.మీ. రింగు, 4 మి.మీ. క్రిస్టల్, ఫ్లోరిన్-18. క్రిస్టల్ వల్ల 2, కోణం వల్ల 1.8, ఊహ వల్ల 2, పాజిట్రాన్ నడక వల్ల ఓ అర మి.మీ. కలిపితే 4.2 మి.మీ. ఇప్పుడు ఎంతో కష్టపడి, బోలెడు డబ్బు పోసి, క్రిస్టల్‌ని నాలుగో వంతుకు, అంటే 1 మి.మీ.కి తగ్గించాం, మిగతావేవీ ముట్టుకోలేదు. వచ్చేది 3.4 మి.మీ. క్రిస్టల్ నాలుగో వంతైతే మసక అయిదో వంతు కూడా తగ్గలేదు! ఎందుకంటే వర్గాల కూడికలో ఎప్పుడూ పెద్దదే పెత్తనం చేస్తుంది, చిన్నదాన్ని ఎంత చెక్కినా ఫలితం కనపడదు. అదే ఊహ తప్పును కూడా తీసేస్తే, అంటే ప్రతి క్రిస్టల్‌కీ దాని సొంత సెన్సర్ పెడితే, 2.4కి దిగుతాం. ఆపైన రింగుని కూడా 40 సెం.మీ.కి దగ్గరికి లాగితే 1.4. తలకు మాత్రమే పనికొచ్చే స్కానర్ ఎందుకు కట్టాలో ఈ చివరి అడుగే చెబుతుంది. పొట్ట, భుజాలు పట్టేంత రింగులో మెదడుని పెట్టి చూడటం అంటే గదికి ఆ చివర నిలబడి పుస్తకం చదవడం లాంటిదే.

అసలు తిరకాసు ఇక్కడే ఉంది. ఈ 1.4 అనేది రింగు నట్టనడుమ మాట. కార్టెక్స్ నట్టనడుమ లేదు, 7, 8 సెం.మీ. అవతల పుర్రె కింద ఉంది.

నడుమ నుంచి వచ్చే ఫోటాన్ క్రిస్టల్‌ని నేరుగా, ముఖం మీద తాకుతుంది. పక్క నుంచి వచ్చేది ఏటవాలుగా వస్తుంది. క్రిస్టల్ అంటే సన్నగా పొడుగ్గా నిలబెట్టిన కడ్డీ, వెడల్పు 2 మి.మీ. ఉంటే లోతు 20 మి.మీ. ఉంటుంది. ఏటవాలుగా వచ్చిన ఫోటాన్ తను తాకిన మొదటి కడ్డీలోనే ఆగుతుందన్న నమ్మకం లేదు. దాన్ని దాటి, పక్కదాన్నీ దాటి, మూడో కడ్డీ లోతుల్లో ఎక్కడో ఆగి అక్కడ మెరవచ్చు. యంత్రం మాత్రం మూడో కడ్డీ ముఖం నుంచి గీత గీస్తుంది. గీత పక్కకి జరిగింది, ఘటన జరిగిన చోటు తప్పింది. దీన్నే పారలాక్స్ అంటారు. రింగు ఎంత చిన్నదైతే వాలు అంత ఎక్కువ, కాబట్టి తప్పు కూడా అంతే పెరుగుతుంది. పొడుగు క్రిస్టల్స్‌కి వాడే అంచనాతో 40 సెం.మీ. రింగులో 8 సెం.మీ. పక్కన ఎంతవుతుందో లెక్కేస్తే, 1.4 కాస్తా దాదాపు 6 మి.మీ. అవుతుంది, అడ్డంగా సాగిపోయిన మసక. 4 మి.మీ. క్రిస్టల్స్ ఉన్న ఆ పాత పెద్ద రింగు అదే చోట 5.2 ఇస్తుంది. అంటే రింగుని దగ్గరికి లాగి, క్రిస్టల్స్ చిన్నవి చేసి, ఇంత చేసీ కార్టెక్స్ దగ్గర మునుపటికంటే దిగజారాం. ఎవరైనా తమ స్కానర్ రెజల్యూషన్ ఇంత అని ఒకే అంకె చెబితే, నడుమ నుంచి ఎంత దూరంలో కొలిచారు అని అడగాలని నేను పదే పదే చెప్పేది అందుకే.

క్రిస్టల్‌ని పొట్టిగా చేస్తే పోలా అనొచ్చు. పోదు. ఈ పనికి ఎక్కువగా వాడే ఎల్ఎస్ఓ క్రిస్టల్ 20 మి.మీ. లోతు ఉంటే ఒక ఫోటాన్‌ని 82 శాతం సార్లు పట్టుకుంటుంది, 10 మి.మీ. అయితే 58 శాతం. తేడా మరీ ఎక్కువేం కాదనిపిస్తుంది, కానీ జంటలో రెండూ దొరికితేనే గీత గీయగలం. రెండూ దొరికే అవకాశం 68 శాతం నుంచి 34కి పడిపోతుంది, అంటే సరిగ్గా సగం.

కాబట్టి మిగిలిన దారి ఒకటే, క్రిస్టల్‌ని పొడుగ్గానే ఉంచి, ఫోటాన్ ఎంత లోతులో ఆగిందో కూడా కనిపెట్టడం. దీనికి మనుషులు వేసిన ఎత్తులు చూస్తే ముచ్చటేస్తుంది. హెచ్ఆర్ఆర్‌టీ అని 1990ల చివర్లో వచ్చిన మెదడు స్కానర్‌లో రెండు పొరల క్రిస్టల్స్ ఒకదాని మీద ఒకటి అంటించారు, రెండు పొరలూ మెరిసి ఆరిపోయే వేగం వేరు. మెరుపు ఎంత త్వరగా ఆరిందో చూస్తే పై పొరా కింద పొరా తెలిసిపోతుంది. లక్షా ఇరవై వేలకు దగ్గరగా క్రిస్టల్స్, ఎనిమిది పలకలు, ఎదురెదురు పలకల మధ్య 47 సెం.మీ., రెజల్యూషన్ 2.5 మి.మీ. చుట్టూ. ప్రపంచం మొత్తం మీద ఇరవై కూడా తయారుకాని ఆ యంత్రం రెండు దశాబ్దాల పాటు ఈ రంగానికి కొలబద్దగా నిలిచింది. జపాన్‌లోని చిబాలో పరిశోధకులు నాలుగు పొరల దాకా వెళ్లారు. ఇంకో ఎత్తు, కడ్డీకి రెండు చివర్లా సెన్సర్లు పెట్టి ఏ చివర వెలుగు ఎక్కువొచ్చిందో పోల్చడం. మరికొందరు అసలు కడ్డీలుగా కోయకుండా పెద్ద పలకనే అలాగే ఉంచి, వెలుగు పరుచుకున్న తీరును బట్టి మూడు దిక్కుల్లోనూ చోటు కనిపెడుతున్నారు.

ఇవన్నీ అమరాయనుకుందాం. అప్పుడు ఇంకో గోడ ఎదురవుతుంది, నా దృష్టిలో అన్నింటికంటే గట్టిది అదే: లెక్కకు తగినన్ని ఫోటాన్లు లేకపోవడం. 4 మి.మీ. ఘనం నుంచి 2 మి.మీ. ఘనానికి దిగితే ఒక్కో గడిని ఎనిమిది గడులుగా కోసినట్టు. ఉన్న ఫోటాన్లే ఎనిమిది మందికి పంచాలి. పాత బొమ్మలో ఉన్నంత నాయిసే, అంటే అంకెల్లో అంతే గజిబిజే, ఉండాలంటే కనీసం ఎనిమిది రెట్లు కావాలి, బొమ్మ కట్టే క్రమంలో నాయిస్ ఇంకా పెరుగుతుంది కాబట్టి నిజానికి అంతకంటే ఎక్కువే కావాలి. ట్రేసర్‌ని ఎనిమిది రెట్లు ఎక్కించలేం, అది మనిషికి రేడియేషన్. ఎనిమిది రెట్ల సేపు పడుకోబెట్టలేం, ఫ్లోరిన్-18 ప్రతి 110 నిమిషాలకీ సగమైపోతుంది, కార్బన్-11 అయితే 20 నిమిషాలకే. అందుకే రెజల్యూషన్ ఎంత తగ్గిందని మాత్రమే చెప్పే వార్తలు నాకు సగం వార్తల్లా అనిపిస్తాయి. ఎన్ని ఫోటాన్లు పట్టుకుంటోందో కూడా చెప్పాలి.

ఇక్కడ తల స్కానర్‌కి ఒక అదృష్టం కలిసొచ్చింది. రింగుని దగ్గరికి లాగితే కోణం వల్ల వచ్చే మసక తగ్గుతుందని చూశాం కదా, అదే పనితో పట్టుకునే ఫోటాన్లు కూడా పెరుగుతాయి. 80 సెం.మీ. వ్యాసం, 25 సెం.మీ. పొడవున్న రింగు మధ్యలో ఒక చుక్క పెడితే, అన్ని దిశల్లోకీ పోయే జంటల్లో 30 శాతమే రింగు మీద పడతాయి. 52 సెం.మీ. వ్యాసం, 49.5 సెం.మీ. పొడవైతే 69 శాతం దాకా పడతాయి. ఇవి నేను ఊరికే అనుకున్న కొలతలు కావు. యేల్, కాలిఫోర్నియా డేవిస్ విశ్వవిద్యాలయాలు, యునైటెడ్ ఇమేజింగ్ సంస్థ కలిసి కట్టిన న్యూరోఎక్స్‌ప్లోరర్ కొలతలు. దాని క్రిస్టల్ ఒక పక్క 1.56 మి.మీ., లోతు 15.5 మి.మీ., ఆ లోతులో ఎక్కడ మెరిసిందో 4 మి.మీ. లోపు తేడాతో చెప్పగలదు. మెదడు ఉండే ప్రాంతంలో 2 మి.మీ. లోపు వివరం ఇస్తుంది. ఇటు కెనడాలోని షెర్‌బ్రూక్ బృందం ప్రతి సన్నని క్రిస్టల్‌కీ దాని సొంత సెన్సర్ కట్టబెట్టి, ఊహ తప్పును మొత్తంగా తీసేసి, 1.25 మి.మీ. దగ్గరికి వెళ్లింది. జపాన్‌లోనే తలకు టోపీలా అర్ధగోళంలో డిటెక్టర్లు అమర్చారు, తక్కువ క్రిస్టల్స్‌తోనే ఎక్కువ దిశల్ని కప్పడానికి. ఏ దారి గెలుస్తుందంటే, అన్నింటికంటే సన్నని గీత గీసేది కాకుండా, రెజల్యూషనూ ఫోటాన్ల లెక్కా రెండూ కలిపి మోసుకెళ్లేదే వాడకంలో నిలబడుతుందని నా నమ్మకం.

టైమ్ ఆఫ్ ఫ్లైట్ గురించి అడుగుతారు కాబట్టి ఒక మాట. రెండు ఫోటాన్లలో ఏది ముందు చేరిందో కొలిస్తే ఘటన గీత మీద ఎటువైపు జరిగిందో తెలుస్తుంది. 200 పికోసెకన్ల (పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్లవ వంతు) ఖచ్చితత్వం అంటే గీత మీద 3 సెం.మీ. ముక్క. మిల్లీమీటర్ల కోసం కొట్టుకుంటుంటే సెంటీమీటర్లు ఏం చేస్తాయి? రెజల్యూషన్‌కి నేరుగా ఏమీ చేయవు, కానీ నాయిస్ తగ్గిస్తాయి, పైన చెప్పిన ఎనిమిది రెట్ల అప్పులో కొంత తీరుస్తాయి. 10 పికోసెకన్లకు దిగితే ముక్క 1.5 మి.మీ. అవుతుంది, అప్పుడు గీతల నుంచి బొమ్మ కట్టే లెక్కతోనే పనుండదు. 2021లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో 32 పికోసెకన్లు సాధించి, ఏ రీకన్‌స్ట్రక్షనూ లేకుండా 4.8 మి.మీ. వివరంతో బొమ్మ తీసి చూపించారు. మనిషి తల పట్టే స్కానర్‌కి అది ఇంకా దూరమే.

సాఫ్ట్‌వేర్‌తో మసక తీసేయలేమా? కొంతవరకు తీస్తున్నాం. యంత్రం ఏ చోట ఎంత మసక చేస్తుందో ముందే కొలిచి, ఆ సంగతి బొమ్మ కట్టే లెక్కలోనే చెబితే అంచులు పదునెక్కుతాయి. కానీ పోయిన వివరాన్ని ఏ లెక్కా పూర్తిగా తిరిగి తేలేదు, అంచుల దగ్గర లేని గట్లు లేస్తాయి, చిన్న భాగాల్లో అంకె ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. చిన్న భాగాల కోసమే కదా ఇంత చేస్తున్నది! ఎంఆర్‌ఐ బొమ్మని ఆసరాగా తీసుకుని కార్టెక్స్‌లోంచి కారిపోయినదాన్ని సరిదిద్దే పద్ధతులు 1990ల నుంచీ ఉన్నాయి, బాగానే పనిచేస్తాయి, ఎంఆర్‌ఐలో కనిపించే అంచే ట్రేసర్ అంచు కూడా అయినంతవరకు. ఏఐ బొమ్మల విషయంలో నేను ఇంకొంచెం జాగ్రత్త కోరుకుంటాను. వేల మెదళ్లను చూసి నేర్చుకున్న ప్రోగ్రాం, సాధారణంగా ఇక్కడ ఇలా ఉంటుంది అనేదాన్ని అందంగా నింపగలదు. రోగి స్కాన్‌లో మనం వెతికేది సాధారణంగా లేనిదాన్ని.

ఇక చివరికి, తల. మంచం మీద మనిషి పడుకుని ఉంటాడు, తలకు మెత్తటి పట్టీ, కదలొద్దని చెప్పి ఉంటారు. పరిశోధన స్కాన్ అయితే గంటన్నర. మొదటి పావుగంట బిగుసుకుని ఉంటాడు. తర్వాత మెడ కండరాలు వదులవుతాయి, తల వెనక్కి కాస్త కుంగుతుంది. నలభయ్యో నిమిషానికి కునుకు పడుతుంది, దవడ జారుతుంది, గడ్డం ఛాతీ వైపు వాలుతుంది. దగ్గొస్తే ఒక్క ఉలికిపాటు, మళ్లీ పడుకున్నప్పుడు తల మునుపున్న చోటుకే రాదు. కలిపి చూస్తే కొన్ని మిల్లీమీటర్లు. వణుకుడు జబ్బు ఉన్నవాళ్లకి, మతి తప్పిన పెద్దవాళ్లకి ఇంకా ఎక్కువ, ఈ స్కాన్ ఎక్కువగా కావల్సిందీ వాళ్లకే. 4 మి.మీ. స్కానర్‌లో ఇది ఎలాగోలా కలిసిపోయేది. 1.5 మి.మీ. స్కానర్‌లో ఒక్క కునుకు పాటుకే పైన చెప్పిన క్రిస్టల్స్, పొరలు, సెన్సర్ల కష్టమంతా కొట్టుకుపోతుంది.

అందుకే కొత్త యంత్రాల్లో కదలికను పట్టడం స్కానర్‌లో భాగమైపోయింది. పాత పద్ధతిలో తలకు తొడిగిన టోపీ మీద వెలుగును తిప్పికొట్టే చిన్న గోళీలు పెట్టి కెమెరాతో చూసేవాళ్లు, టోపీ జారితే అదీ తప్పే. ఇప్పుడు ఏ గుర్తూ అంటించకుండా ముఖం ఆకారాన్నే కెమెరా వెంటాడుతుంది. తల ఎటు ఎంత తిరిగిందో ఆ క్షణానికి తెలుస్తుంది కాబట్టి, ఆ క్షణంలో పట్టుబడిన ప్రతి గీతనూ విడివిడిగా, అంతే తిప్పి, అంతే జరిపి, తల మొదట ఉన్న చోటుకు తెచ్చి కూర్చోబెడతారు. కోట్ల గీతలు, ఒక్కోదానికీ దాని సొంత సవరణ. మనిషి నిద్రలో గడ్డం వాల్చినా, ఆ అగ్గిపుల్లంత భాగం నుంచి వచ్చిన గీతలు బొమ్మలో ఆ అగ్గిపుల్ల మీదే పడేలా.